ఎనిమిది పెడితే నాలుగు చూపిన పెట్టె

నేను ఒక కంప్యూటర్ని. కంపెనీ కంప్యూటర్ని కాదు, కూర్చిన కంప్యూటర్ని. కంపెనీ కడుపున పుట్టినవాడికి నుదుటి మీద పేరుంటుంది, వీపు మీద నంబరుంటుంది, ఒంట్లో బాగాలేకపోతే ఫోన్లో పలకరించే దిక్కుంటుంది. నాకు ఆ భాగ్యం లేదు. నాకున్నవన్నీ భాగాలే. కాకినాడలో కొన్నవి కొన్ని, రాజమండ్రిలో బేరమాడినవి కొన్ని. నాలాంటివాణ్ని అసెంబుల్డ్ అంటారు. అసెంబ్లీ ఉంది, దాని మీద క్యాబినెట్ ఉంది, వెనకాల పవర్ సప్లై కూడా ఉంది. ఇన్ని ఉండీ ఇంట్లో అధికారం మాత్రం ఒక్కనాడూ నాది కాలేదు.

ప్రస్తుత నివాసం సామర్లకోటలో ఒక తుక్కు కొట్టు. కుడిపక్కన తిరగడం మానేసిన ఫ్యాను, ఎడమపక్కన రుబ్బడం మానేసిన గ్రైండరు, నెత్తిమీద ఎవరిదో నీళ్ల మోటారు. తక్కువకీ తుక్కుకీ మధ్య దూరం చాలా తక్కువని నాకు ఇక్కడికొచ్చాక తెలిసింది. ముందు నన్ను తక్కువ అన్నారు, తర్వాత తుక్కు అన్నారు. చెప్పుకునే ఓపిక కూడా పెద్దగా లేదు. కానీ నా ఒంట్లో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానివల్ల ఒక మంచివాడికి ఏమైందో చెప్పి ఊరుకుంటాను.

నన్ను చేయించుకున్నది చక్రధరరావు గారు. ఊళ్లో చక్రం గారంటారు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. సామర్లకోట నుంచి పెద్దాపురం దాకా ఏ మండపంలోనైనా "కొంచెం నవ్వండమ్మా" అని గద్దించే గొంతు వినిపిస్తే అది ఆయనదే. ఆయన గద్దింపుకి భయపడి నవ్విన పెళ్లికూతుళ్లు ఈ చుట్టుపక్కల వందలమంది ఉంటారు. ఫోటోలు తీసుకొచ్చి ఇంట్లోనే ఆల్బమ్ చేస్తారు. నాకు ముందున్న పాత మిషను జీలకర్రా బెల్లం దగ్గర ఆగిందంటే తాళి కట్టే ఫోటో తెరుచుకునేసరికి ఇంట్లో ఒక పూట వంట అయిపోయేదట. అందుకని నన్ను కూర్చమని బావమరిదికి చెప్పారు.

ఆ బావమరిది పేరు దొరబాబు. చక్రం గారి భార్య అనంతలక్ష్మికి తమ్ముడు. కాకినాడలో ఏదో కోర్సు చేసి, ఇంటి అరుగు మీద చిన్నా చితకా కంప్యూటర్లు బాగుచేసేవాడు. పూర్తిగా తన చేత్తో కూర్చిన మొదటి మిషను నేనే. నేను సరిగ్గా నడిస్తే తమకీ చేయించుకుంటామని ముగ్గురు మాటిచ్చారు: ఒక ట్యూషన్ మాస్టారు, ఒక ఎరువుల కొట్టాయన, ఒక జిరాక్స్ సెంటరు. ఆ ముగ్గురూ వస్తే స్టేషన్ రోడ్డులో షాపు తెరవాలని దొరబాబు ఆశ. అంటే నేను అతనికి బోణీని. నన్ను బోల్తా కొట్టించింది ఎవరో ఇప్పుడే చెప్పేస్తాను, దాచుకుంటే నాకేం వస్తుంది?

చక్రం గారే.

ఆయనకి ఒక అలవాటుంది. ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టందే ముట్టుకోరు. కెమెరాకి బొట్టు. ఫ్లాషుకి బొట్టు. స్టాండుకి మూడు కాళ్లుంటే మూడింటికీ మూడు బొట్లు, ఏ కాలికీ లోటు చేయరు. నా భాగాలన్నీ పీట మీద సర్ది దొరబాబు భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన పసుపు గిన్నె పట్టుకొచ్చారు.

"పెట్టెలో పెట్టేశాక పైన బొట్టెడితే లోపలోళ్లకి అందుద్దేటి? ఎవరిది వాళ్లకి పెట్టాలి" అన్నారు భార్యతో.

పెట్టారు. ఫ్యానుకి పెట్టారు. డిస్కుకి పెట్టారు. మెమరీ పలకలు రెండున్నాయి, నాలుగేసి గిగాలవి. ఒకటి వెల్లకిలా ఉంది, దాని మీద అంటించిన కాగితం బిళ్ళకి బొట్టు పడింది. రెండోది బోర్లా పడుకునుంది. దాని వీపంతా నల్లటి చిప్పులే. నలుపు మీద బొట్టు అశుభం అనుకున్నారేమో, అడుగున తళతళమంటున్న పళ్ల వరస చూశారు. బంగారు రంగు. శుభం అనుకున్నారు. వేలితో నిండా పసుపు మెత్తి, దాని మీద చిటికెడు కుంకుమ అద్దారు.

ఆ పళ్లతోనే ఆ పలక నా తల్లిబోర్డును పట్టుకుని మాట్లాడాలి. పళ్లకి పసుపు పూస్తే మాటెలా వస్తుంది?

దొరబాబు చెయ్యి కడుక్కుని వచ్చి "ఇదేటి బావా, పెళ్లికూతుర్ని చేసినట్టు చేసేశావు!" అని నవ్వి, కుంకుమంతా దులిపి, ఉఫ్ఫని ఊదాడు. ఎరుపు పోయింది. బంగారం మీద పసుపు మాత్రం ఎవరి కంటికి ఆనుతుంది? అనంతలక్ష్మి టార్చి పట్టింది, దొరబాబు బిగించాడు. నేను పుట్టాను.

పుట్టగానే నన్ను ఎవరూ ముద్దాడలేదు. లెక్కడిగారు.

"ఐదొందల డిస్కన్నావు కదరా? నాలుగొందల అరవై ఐదు చూపిస్తందేటి?" అన్నారు చక్రం గారు తెరకి ముక్కు ఆనించి.

"అదంతే బావా. ఇప్పుడు నువ్వు వంద కొబ్బరికాయలు కొన్నావనుకో. వందకి పైన కొసరు వేస్తారా, వెయ్యరా?"

"వెయ్యకపోతే ఊరుకుంటానా?"

"ఆ. తయారుచేసేవోడు వెయ్యంటే వెయ్యే లెక్కెడతాడు. ఈ మిషను వెయ్యికి ఇరవై నాలుగు కొసరేసుకుని గాని గంప కట్టదు. గంపగంపకీ కొసరు పోతే గంపలు తగ్గవా మరి? కాయలు అవే, గంపలే తక్కువ."

చక్రం గారు కాసేపు వేళ్ల మీద ఏవో కొబ్బరికాయలు లెక్కపెట్టి ఒప్పుకున్నారు. నాకు దొరబాబు మీద గౌరవం కలిగింది. నా మాట నమ్మించడానికి ఒక మనిషి అంత ఓపిక పట్టడం అదే మొదలు. చివర కూడా అదే.

తర్వాత వేగం గొడవ. ప్రాసెసరు అట్టపెట్టె మీద మూడు పైచిలుకు రాసుంది, తెర మీద ఒకటిన్నరే కనిపిస్తోంది. పనేమీ లేనప్పుడు మిషను నడుస్తుందనీ, పని చెబితే పరిగెడుతుందనీ దొరబాబు చెప్పాడు.

"పన్లేదని నడుస్తాదా? నా ఇంట్లో ఇదొక్కటే సుఖపడతందన్నమాట" అని అదీ ఒప్పుకున్నారు.

మూడోసారి తెర మీద మెమరీ చూశారు. ఎనిమిది ఉండాలి. నాలుగు అన్నాను. నాకు తెలిసింది నాలుగే. రెండో పలక నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. దొరబాబు మొహం మారింది. లోపలి సెట్టింగులన్నీ వెతికాడు. విండోస్ సరైనదే వేశాడు, అదీ మళ్లీ చూసుకున్నాడు.

"ఏ కాయలు చెప్తావో చెప్పు. ఇంటాను" అన్నారు చక్రం గారు.

"తెలీట్లేదు బావా. ఎనిమిదీ పెట్టాను. ఎందుకిలా చూపిస్తందో నిజంగా తెలీట్లేదు. మూత తీసి చూడనీ, పది నిమిషాలు."

ఇక్కడే మనుషుల సంగతి నాకు కొంత బోధపడింది. కొబ్బరికాయల కథ చెబితే నమ్మారు. నడకా పరుగూ అంటే నమ్మారు. తెలియదని నిజం చెబితే మాత్రం నమ్మలేదు. తెలియదన్నవాడే దొంగ.

"మూత తీస్తావా? ఉన్న సగం కూడా ఊడబీక్కుపోడానికా? సగం నా పెట్టెలో పెట్టావు, సగం రేపు ఇంకోడికి పెడతావు. ఇదేనా నువ్వు నేర్సుకున్న కోర్సు?"

"బావా, ఏం మాటలవి?"

"ఇంకేం మాటలు కావాలి? పేరుకి దొరబాబువి. పనులు దొంగబాబువి."

దొరబాబు టూల్స్ సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తొందరలో చెప్పులు కూడా అరుగు మీదే వదిలేశాడు. అనంతలక్ష్మి వాటిని తీసుకెళ్లి గుమ్మం బయట నిలబడింది గాని అతను వెనక్కి చూడలేదు.

చక్రం గారు ఒక కాగితం తెచ్చి నా మూత అంచు మీద జిగురుతో అంటించారు. దాని మీద సంతకం, తేదీ, స్టూడియో రబ్బరు స్టాంపు. ఓట్ల పెట్టెకి వేసినట్టు సీలు వేశారు. పెట్టెకి సీలు పడింది, దొరబాబు శీలానికి మచ్చ పడింది. లోపల దొంగా లేడు, దొంగతనమూ లేదు. ఆయన పూసిన పసుపు చక్కగా ఆరి గట్టిపడుతోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు పొద్దున్న రైలుగేటు దగ్గర టీ బడ్డీలో పదిమంది ముందు చెప్పారు. గేటు పడిందేమో, ఇంకో ఇరవైమంది ఆగి విన్నారట. సొంత బావనే ముంచినవాడు మనల్ని వదులుతాడా అని వాళ్లలో వాళ్లే తేల్చేసుకున్నారు. ట్యూషన్ మాస్టారు కంపెనీ మిషను కొనుక్కున్నాడు. ఎరువుల కొట్టాయన చూద్దాంలే అన్నాడు. జిరాక్స్ సెంటరువాడు దొరబాబు ఎదురొస్తే ఫోను చెవికి పెట్టుకునేవాడు. షాపు మాట అటకెక్కింది. దొరబాబు కేబుల్ టీవీ ఆఫీసులో చేరి స్తంభాలెక్కడం మొదలుపెట్టాడు.

నేను సగం మెమరీతో పూర్తి చాకిరీ చేశాను. ఆరొందల ఫోటోల పెళ్లి ఒకటి వస్తే నా ఫ్యాను ఆయాసపడేది. తలంబ్రాల దగ్గర ఆగిపోతే చక్రం గారు నా నెత్తిన ఒకటి చరిచి "దొంగ సరుకు!" అనేవారు. ఎంత అలసిపోయేవాణ్నంటే, ఆ మాట నా గురించా అతని గురించా అని ఆలోచించడం కూడా మానేశాను. ఆ ఇంట్లో పలికేది నా ఫ్యాను ఒక్కటే. అనంతలక్ష్మి భర్తకి వేళకి అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది, తమ్ముడి పేరు ఎత్తేది కాదు. ఆవిడ పేరులో అనంతం ఉంది గాని, ఓపికకి ఎక్కడో ఒక హద్దు ఉంటుంది కదా.

పదకొండో నెలలో ఆ హద్దు వచ్చింది. దొరబాబు కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. పిల్లకి ఓణీ వెయ్యాల్సిన మేనత్త అనంతలక్ష్మి. ఫోటోలు తియ్యాల్సిన మావయ్య ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఊరందరి పిల్లల్నీ నవ్వమన్న మనిషి ఆ రోజు ఇంట్లో నా ముందు కూర్చుని, ఎవరివో పాత ఫోటోలకి రంగులు దిద్దుకున్నారు. ఆవిడ ఒక్కతే వెళ్లొచ్చింది.

మధ్యాహ్నం నాలుగింటికి పట్టుచీర కూడా మార్చుకోకుండా సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"ఎవరు తీశారు ఫోటోలు?" అన్నారు చక్రం గారు తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"పిఠాపురం నుంచి ఎవర్నో తెచ్చారు. పిల్ల కెమెరా వంక చూడనే లేదు. మావయ్యొచ్చాక తీయించుకుంటానంది."

ఆయన మౌస్ కదలడం ఆగింది.

"లేవండి" అంది ఆవిడ.

"ఏటి?"

"లేవండి ముందు."

స్విచ్చి ఆపింది. తీగ పీకింది. జాకెట్టుకున్న పిన్నీసు తీసి నా సీలు మీద సంతకాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి చీరేసింది.

"నీకేం తెలుసే దాని గురించి? ముట్టుకోకు, పాడైపోద్ది!"

"టార్చి పట్టింది నేనే. ఎలా పెట్టాడో చూశాను, అలాగే తీస్తాను. నా తమ్ముడు ఆ సగం తిన్నాడో లేదో నేను చూసుకోవాలి. తిన్నాడంటే నేనే వాడి గుమ్మం తొక్కను."

పలకలు రెండూ బయటికి తీసింది. రెండింటి మీదా నాలుగు, నాలుగు అని అచ్చు వేసి ఉంది. ఎనిమిదీ ఉన్నాయి. చక్రం గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. ఆవిడ మాత్రం అచ్చు చూడటం లేదు, రెండో పలక పళ్లు చూస్తోంది. బొటనవేలితో ఒకచోట గీకింది. వేలి మీద పొడిలా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఎన్ని శుక్రవారాలు గడపలకి పూసిన చెయ్యి అది! మంగళసూత్రం పసుపునీ బంగారాన్నీ చీకట్లో తడిమి విడదీయగల చెయ్యి. కాకినాడ కోర్సులో ఆ పాఠం లేదు.

"ఇది పసుపు" అంది.

చక్రం గారు తన వేలి కొన చూసుకున్నారు.

"మీరు పెట్టిన బొట్టు. ఎవరిది వాళ్లకి పెట్టాలన్నారు కదా. పెట్టారు. నా తమ్ముడికి దొంగ అని బొట్టెట్టారు, పదకొండు నెలలు తుడుచుకోలేకపోయాడు."

ఆవిడ గొంతు పెంచలేదు. కొత్త పట్టుచీర కొంగుతోనే పళ్లన్నీ తుడిచి, పలకల్ని టక్కున నొక్కి, తీగ పెట్టి స్విచ్చి వేసింది. నేను కళ్లు తెరిచాను. పుట్టిన పదకొండు నెలలకి రెండో పలక మొదటిసారి పలికింది. ఎనిమిది అన్నాను. పక్కనే, వాడుకోవడానికి పనికొచ్చేది ఏడూ ఎనభై ఎనిమిది అని కూడా అన్నాను. బొమ్మ చూపించడానికి కొంత నేను పక్కన పెట్టుకుంటాను, ఉన్నదున్నట్టు చెప్పడం నా జబ్బని ముందే అన్నాను కదా.

"మరి ఆ మిగతా పన్నెండు..." అని చక్రం గారు నోరు తెరిచారు. ఆవిడ తల తిప్పి చూసింది. ఆయన మూసుకున్నారు.

"ఏ నోటితో అన్నారో ఆ నోటితోనే చెప్పండి. ఏ బడ్డీ దగ్గరన్నారో ఆ బడ్డీ దగ్గరే."

ఆయన వెళ్లి అరగంటలో తిరిగొచ్చారు.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమని?"

"మిషను సెట్టయిపోయిందని."

"వాడు తియ్యలేదని చెప్పారా?"

"సెట్టయిందంటే అదే కదే అర్థం!"

మర్నాడు మళ్లీ పంపింది. ఈసారి సరిగ్గానే చెప్పారట, కానీ గొంతు లేదు, గేటూ పడలేదు, టీ పోసే మనిషి ఒక్కడే ఉన్నాడు. దొంగ అన్న మాట మోటారు సైకిళ్లెక్కి ఊరంతా తిరిగింది. కాదన్న మాట గ్లాసులు కడిగే నీళ్లలో కలిసిపోయింది. నా లెక్క సరిచేయడానికి చీర కొంగు సరిపోయింది. దొరబాబు లెక్క సరిచేయడానికి ఏం కావాలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

రాకపోకలు మొదలయ్యాయి. చక్రం గారు వెళ్లి పిల్లకి ఓణీతో ఫోటోలు తీసి, పెద్ద ఆల్బమ్ చేసిచ్చారు. దాన్ని నేనే చేశాను, ఎనిమిది గిగాలతో, ఒక్కచోట కూడా ఆగకుండా. దొరబాబు పండగలకి వచ్చేవాడు, జోకులేసేవాడు, రెండుసార్లు పులుసు వేయించుకునేవాడు. కానీ నా గదిలోకి వచ్చేవాడు కాదు. నేను ఎప్పుడైనా మొరాయిస్తే చక్రం గారు "ఓసారి చూడరా" అనేవారు. "నాకు తెలీదు బావా, ఎవర్నైనా పిలు" అనేవాడు నవ్వుతూనే. క్షమించమన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. నా మైకు బాగానే పనిచేసేది.

ఏళ్లు గడిచాయి. కొత్తగా వచ్చే పెద్ద ఫోటోలు నేను మొయ్యలేనంత బరువయ్యాయి. చక్రం గారు కంపెనీ ల్యాప్‌టాప్ కొన్నారు. నన్ను తుక్కుకి వెయ్యడానికి ముందు డిస్కులోని పెళ్లిళ్లన్నీ బయటికి తియ్యాలి. ఎవరో కుర్రాణ్ని పిలుస్తానంది అనంతలక్ష్మి. చక్రం గారు ఫోను తీసి తనే చేశారు.

"రేయ్, నువ్వే రావాలిరా. నీ చేత్తో పెట్టినవి నీ చేత్తోనే తియ్యి."

ఎందుకో దొరబాబు కాదనలేదు. ఆదివారం పొద్దున్న వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. నేల మీద పేపరు పరిచి, నా మూత తీసి, ఒక్కొక్క భాగాన్నీ బయట పెట్టడం మొదలుపెట్టాడు. పెడుతూ పైకి అంటున్నాడు.

"డిస్కు ఒకటి. ఫ్యాను ఒకటి. మెమరీ రెండు... నాలుగూ నాలుగూ ఎనిమిది, ఇదిగో బావా, చూసుకో."

కుర్చీలో కూర్చున్న చక్రం గారు ఇబ్బందిగా కదిలారు. "లెక్కెవరడిగారురా?"

"ఎవరూ అడగలేదు. అలవాటైపోయింది. కేబుల్ ఆఫీసులో కూడా నవ్వుతారు. వైరు చుట్ట తెచ్చినా ముందు కొలిచి చూపిస్తాను."

ఎప్పటిలాగే నవ్వుతూ అన్నాడు. ఆయన నవ్వలేదు. అనంతలక్ష్మి వంటింటి గుమ్మం దగ్గర టీ గ్లాసులు పట్టుకుని ఆగిపోయింది.

దొరబాబు నా స్క్రూలన్నీ అరచేతిలో పోసుకుని వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఏడున్నాయి బావా. దీనికి ఎనిమిదుండాలి. ఒకటి తక్కువుంది. అది మొదట్నుంచీ లేదు, నేను..."

"నేనే పారేశానురా" అన్నారు చక్రం గారు.

దొరబాబు తలెత్తాడు.

"ఎప్పుడు?"

"ఎప్పుడో. మీ అక్క మూత తీసిన రోజు. నా చేతిలోంచే పడిపోయింది. వెతికితే దొరకలేదు. నీకు చెప్పలేదు."

అబద్ధం. ఆ రోజు ఆయన చెయ్యి నన్ను తాకనే లేదు. నా పెట్టెకి ఎనిమిదో స్క్రూ ఎప్పుడూ లేదు, కొన్న అట్టపెట్టెలో వచ్చినవే ఏడు. ఆ సంగతి నాకు తెలుసు. బిగించినవాడు కాబట్టి దొరబాబుకీ తెలుసు. ఆయనకే తెలియదు. ఒకవేళ బావమరిది తీసే ఉంటాడేమో అన్న ఆలోచనకి కూడా చోటివ్వకుండా, తెలియని లోటుని తెచ్చి తన మీద వేసుకున్నారు. నా ముందు కూర్చుని ఇన్నేళ్లలో ఆయన చాలా నిజాలు అడిగారు, ఒక్కటీ ఊరికే నమ్మలేదు. ఆ అబద్ధాన్ని మాత్రం నేను కాదనలేదు. కాదనడానికి అప్పటికి నాకు తీగ కూడా లేదు.

దొరబాబు చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు.

"పోతే పోయిందిలే బావా" అన్నాడు.

అరచేతిలోవి సంచిలోకి వంపేశాడు. ఇంకా వైర్లున్నాయి, క్లిప్పులున్నాయి, ఏవేవో చిన్న ముక్కలున్నాయి. వాటిని లెక్కపెట్టలేదు. రెండు చేతులతో పోగుచేసి సంచిలో పడేసి, అక్క చేతిలోంచి టీ అందుకున్నాడు.